బానెట్ లివర్ లాగితే చప్పుడు రావట్లేదు, మా ఆయన ఊళ్ళో లేరు

తణుకు_లెక్కల_టీచర్:

అందరికీ నమస్కారమండీ. నవ్వుకునేవాళ్ళు ముందే నవ్వేసుకోండి, ఆ తర్వాత సమాధానం చెప్పండి.

మాది తణుకు. హైస్కూల్లో లెక్కలు చెప్తాను. స్కూలు మా ఇంటికి 17 కిలోమీటర్లు. లైసెన్సు వచ్చి రెండేళ్ళయింది, అప్పట్నుంచీ కారు నేనే వేసుకెళ్ళి వస్తున్నాను. పన్నెండేళ్ళ పాత పెట్రోలు బండి, సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాం. కంపెనీ పేరెందుకులెండి, బండికి వయసైపోయింది, అంతే. నడపడం వచ్చు, రివర్సు వచ్చు. పెరవలి వైపు కాలవగట్టు మీద ఎదురుగా కొబ్బరికాయల లారీ వస్తే పక్కకి దిగి మళ్ళీ గట్టెక్కడం కూడా వచ్చు. కానీ ఈ రెండేళ్ళలో బానెట్ ఒక్కసారి కూడా నేను తీసి చూడలేదు. అది మా ఆయన శాఖ. ఆదివారం పొద్దున్నే ఒక చేత్తో కాఫీ గ్లాసు, ఇంకో చేత్తో పసుపు గుడ్డ పట్టుకుని బానెట్ ఎత్తి పావుగంట అలా నిలబడిపోతారు. (ఆ గుడ్డ ఉగాదినాటి నుంచి కనిపించట్లేదు. నేనే పనమ్మాయికి ఇచ్చేశానని ఇంట్లో కేసు నడుస్తోంది. ఇవ్వలేదు.)

ఇప్పుడు మా అత్తగారికి మోకాలి ఆపరేషన్ అని ఆయన విశాఖలో ఉన్నారు. ఇంకో పదిహేను రోజుల దాకా రారు. సరిగ్గా ఇప్పుడే, గురువారం నుంచి, వేడి చూపించే ముల్లు ఎప్పుడూ ఉండేచోట ఉండకుండా సగం దాటి పైకి వెళ్తోంది. ఫోన్ చేస్తే "బానెట్ తీసి కూలెంట్ డబ్బా (ఇంజనుని చల్లబరిచే నీళ్ళ డబ్బా) చూడు, కుడి పక్కన లివర్ ఉంటుంది, లాగు" అన్నారు. లాగాను. వెనకాల ఏదో చిన్న చప్పుడు. బానెట్ మాత్రం కదల్లేదు. సరే పోన్లే అని స్కూలుకి వెళ్ళిపోయాను. గేటు దగ్గర ఎనిమిదో తరగతి పిల్లాడు, "టీచర్, మీ కారు చెవి ఊడి వేలాడుతోంది" అన్నాడు. నేను లాగింది పెట్రోలు మూత లివర్. 17 కిలోమీటర్లు అలాగే తెరుచుకుని వెళ్ళాను.

సాయంత్రం ఇంటికొచ్చాక టార్చి వేసి వెతికితే అసలుది కనిపించింది. సీటు పక్కన నేల మీద కాదు, స్టీరింగ్ కింద, నా కుడి మోకాలికి పైన, తలుపు వైపు మూలకి ఉంది. కారు ముందు మూత నోరు తెరిచినట్టు దాని మీద బొమ్మ కూడా ఉంది. లాగాను, "టప్" అంది. బానెట్ ఒక వేలెడు పైకి లేచింది. ఆ సందులో చెయ్యి పెట్టి ఎంత తడిమినా పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు. పైగా లోపల కాలిపోతోంది. భయమేసి రెండు చేతులతో గట్టిగా అదిమి మూసేశాను.

మర్నాటి నుంచి లివర్ లాగితే ఆ "టప్" లేదు. బానెట్ వెంట్రుకవాసి కూడా లేవదు. ఇక్కడ ఒక మెకానిక్‌కి ఫోన్ చేస్తే బండి చూడకుండానే "గ్రిల్ కొయ్యాలి మేడం, నాలుగు వేలవుద్ది" అన్నాడు.

నాకు కావలసినవి రెండు. ఒకటి, ఆ మొదటి చప్పుడు మళ్ళీ ఎలా రప్పించాలి? రెండు, అది వచ్చాక లోపల చెయ్యి ఎక్కడ పెట్టాలి? మా ఆయన్ని రెండోది అడిగితే "అక్కడే ఉంటుంది, తగులుతుంది" అంటున్నారు. నాకు తగల్లేదు.

డిపో_బాబాయ్:

అమ్మా టీచర్ గారూ, ముందు ముల్లు సంగతి. సగం దాటిందన్నారు కాబట్టి బానెట్ తెరుచుకునేదాకా ఆ బండి స్కూలుకి తీసుకెళ్ళొద్దు, బస్సెక్కండి. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆర్టీసీ గ్యారేజీలో చేశాడు కాబట్టి బస్సెక్కమంటున్నాడు అనుకోకండి. నీళ్ళు తగ్గిన ఇంజను నడిపితే హెడ్ గాస్కెట్, అంటే ఇంజను పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు, పోతుంది. అప్పుడు నాలుగు వేలతో సరిపోదు.

ఇక లాకు. ఇంట్లో పాత చెక్క తలుపు గడియ వానాకాలం బిగుసుకుంటే ఏం చేస్తారు? గడియని ఎంత లాగినా రాదు. తలుపుని ముందు మోకాలితో నెట్టి, ఆ బిగువు వదిలాక గడియ లాగితే జారిపోతుంది. బానెట్‌దీ అదే కథ. బానెట్ కింద చిన్న ఇనప కొంకి ఉంటుంది. అది రేడియేటర్ పైన ఉండే లాకులోకి దిగితే ఒక పంజా పట్టుకుంటుంది. మీరు లివర్ లాగితే కేబులు ఆ పంజాని వదిలిస్తుంది, స్ప్రింగు బానెట్‌ని పైకి తంతుంది. మీరు విన్న "టప్" అదే. లాకులో గ్రీజు ఎండిపోయి దుమ్ము పట్టినప్పుడు, గట్టిగా అదిమి మూస్తే పంజా బిగుసుకుంటుంది. బానెట్ అంచుల కింద ఉండే రబ్బరు గుబ్బలు కూడా దాన్ని పైకి తోస్తూ ఆ బిగువుని పెంచుతాయి. అందుకని ఇక్కడ పైకి లాగితే పని జరగదమ్మా. కిందకి నొక్కాలి.

మీరు లెక్కల టీచరు కాబట్టి కేసులుగా విడగొడతాను. లివర్ లాగి చూడండి. చేతికి బిగువు తగులుతూ, వదిలితే వెనక్కి వెళ్తోందా? అయితే కేబులు బాగుంది, లాకు పట్టేసింది. ఇంకొకరిని సీట్లో కూర్చోబెట్టి లివర్ పూర్తిగా లాగి పట్టుకోమనండి, వదలొద్దనండి. మీరు ముందుకొచ్చి, కంపెనీ గుర్తుకి సరిగ్గా పైన, బానెట్ అంచు మీద రెండు అరచేతులూ పరిచి గట్టిగా నొక్కి టక్కున వదలండి. రెండు మూడు సార్లు చెయ్యండి. పిడికిలితో గుద్దొద్దు. బానెట్ మధ్యలో అసలు నొక్కొద్దు, ఈ కాలం రేకు పల్చన, సొట్టపడితే లేవదు. నొక్కి వదిలే ఆ క్షణంలో పంజా ఊడుతుంది. నూటికి తొంభై బళ్ళు ఇంతే అని నా అనుభవం.

రెండో కేసు. లివర్ చచ్చినట్టు వదులుగా వచ్చేస్తోంది, ఏ బిగువూ లేదు. అప్పుడు లివర్ వెనక్కి టార్చి వెయ్యండి. సన్నని తీగ, దాని కొనకి చిన్న లోహపు గుండు ఉంటుంది. అది లివర్ గాడిలోంచి జారిపోయి ఉండొచ్చు, లేదా లివర్ ప్లాస్టిక్ విరిగి ఉండొచ్చు. కటింగ్ ప్లేయర్‌తో ఆ గుండుని పట్టుకుని తిన్నగా లాగండి, లివర్ చేసే పని ప్లేయర్ చేస్తుంది. గుండు పట్టు దొరక్క తీగ చీలిపోతుంటే ఆపెయ్యండి.

కేబులు లాకు దగ్గరే తెగితే అది షెడ్డు పని. లిఫ్ట్ ఎక్కించి కింద నుంచి పొడుగు స్క్రూడ్రైవర్‌తో తీస్తారు, లేదా గ్రిల్ క్లిప్పులు ఊడదీసి ముందు నుంచి తీస్తారు. ఊడదీసేది వేరు, కోసేది వేరు. చూడకుండా కోస్తానన్నవాడి దగ్గరకి వెళ్ళకండి.

మీ రెండో ప్రశ్నకి భోజనం చేసొచ్చి చెప్తాను. అది కొంచెం పెద్దది.

కూకట్‌పల్లి_కుర్రోడు:

బాబాయ్ భోజనం అయ్యేలోపు నాది వినండి. టీచర్ గారి చేతికి తగలనిది రెండో లాకు, లివర్ లాగాక కూడా బానెట్‌ని వేలెడు ఎత్తులో పట్టి ఉంచే కొక్కెం. అది ఎందుకుందో నాకు ఔటర్ రింగు రోడ్డు మీద తెలిసింది.

రెండేళ్ళ కింద సర్వీసింగ్ చేయించి బండి తెచ్చుకున్నా. ఎక్కడని అడక్కండి. శంషాబాద్ దగ్గర ఎక్కి గచ్చిబౌలి వైపు వస్తున్నా. బానెట్ ముందంచు సన్నగా వణుకుతోంది. గాలికేమో అనుకున్నా. మీరూ అలాగే అనుకునేవాళ్ళు. లాకు పూర్తిగా పడలేదు, బానెట్ ఆ రెండో కొక్కెం మీదే వేలాడుతూ వస్తోంది. ఆ కొక్కేనికేమో సర్వీసోళ్ళు గ్రీజు బదులు మట్టి వదిలేసి ఉంచారు, సగమే పట్టింది. ఓ పెద్ద ట్రెయిలర్ లారీ దాటిపోయిన గాలికి, దభేల్‌మని బానెట్ లేచొచ్చి అద్దానికి కొట్టుకుంది. అద్దం మొత్తం పగుళ్ళు, ముందు ఇంకేం లేదు, ఓన్లీ ఎర్ర రేకు.

నా అదృష్టం, బ్రేకు తొక్కి నిలబెట్టేయలేదు. వెనకాల ఎవడొస్తున్నాడో తెలీదు కదా. హజార్డ్ లైట్లు వేసి, యాక్సిలరేటర్ వదిలేసి, డ్రైవరు కిటికీలోంచి తల బయటికి పెట్టి తెల్లగీత చూసుకుంటూ ఎడమ పక్కకి తెచ్చా. తర్వాత ఎవరో చెప్పారు, చాలా బళ్ళల్లో బానెట్ లేచినా డ్యాష్‌బోర్డు మీదకి వంగి చూస్తే కింద సన్న సందులోంచి రోడ్డు కనిపిస్తుందని. ఆ టైంలో ఎవడికి గుర్తుంటది.

సో టీచర్ గారు, బానెట్ మూశాక ముందంచు పట్టుకుని ఒకసారి పైకి లాగి చూసి అప్పుడు బండి తియ్యండి. నేను ఇప్పుడు పెట్రోలు బంకులో పక్కోడి బండిక్కూడా లాగి చూస్తున్నా. తిడుతున్నారు.

మంగళగిరి_నానో:

నాకు రోజూ బానెట్టే. మాది టాటా నానో. తెలియనివాళ్ళకి: దాని ఇంజను వెనకాల ఉంటుంది, పెట్రోలు పోసే మూత ముందు బానెట్ కింద ఉంటుంది. బంకుకి వెళ్ళిన ప్రతిసారీ బానెట్ ఎత్తాలి. కొత్త కుర్రాడైతే వెనకాల, పక్కన, అన్ని వైపులా తిరిగొచ్చి "సార్, మీ బండికి మూత లేదు" అంటాడు. బానెట్ ఎత్తితే పక్క బళ్ళవాళ్ళు బ్రేక్‌డౌన్ అనుకుని జాలిగా చూస్తారు.

పనికొచ్చే ముక్క ఒకటి చెప్తా. లాకు పట్టేస్తే కొబ్బరినూనె రెండు చుక్కలు వెయ్యండి. నేనదే వేస్తా.

డిపో_బాబాయ్:

మంగళగిరి వారూ, కొబ్బరినూనె తలకి. లాకులో వేస్తే మొదటి వారం హాయిగా ఉంటుంది. తర్వాత రోడ్డు దుమ్మంతా దానికంటుకుని జిడ్డు ముద్ద అవుతుంది. డబ్ల్యూడీ-40 కూడా తుప్పు వదిలించడానికే, అది నిలబడే గ్రీజు కాదు. దానితో కడిగి, గుడ్డతో తుడిచి, ఆ తర్వాత తెల్ల గ్రీజు వేలితో కొద్దిగా రాయాలి. కోస్తా ఊళ్ళల్లో ఉప్పుగాలికి ఈ లాకులు ఎలా తుప్పు పడతాయో కాకినాడ డిపోలో చేసినప్పుడు చూశాను.

టీచర్ గారూ, ఇప్పుడు చెయ్యి సంగతి.

మొదటి రోజు మీరు చేసిన తప్పు వేడి బండి మీద చెయ్యి పెట్టడం. ఇంజను ఆపి గంటైనా ఆగండి. చీరలో ఉంటే కొంగు నడుముకి గట్టిగా దోపుకోండి, డ్రెస్ అయితే చున్నీ తీసి లోపల పెట్టేయండి. ఇంజను ఆపినా సరే, వేడిగా ఉంటే రేడియేటర్ ఫ్యాను దానంతటదే తిరగడం మొదలుపెట్టే బళ్ళున్నాయి. గాజులు కూడా చూసుకోండి, బ్యాటరీ టెర్మినల్స్‌కి తగలకూడదు.

బానెట్ వేలెడు లేచాక, బండికి ఎదురుగా నిలబడి, కంపెనీ గుర్తుకి నడిమధ్యన, అరచెయ్యి పైకి తిప్పి నాలుగు వేళ్ళూ సందులోకి పోనివ్వండి. బొటనవేలు బయటే. మధ్యలో దొరక్కపోతే అటూ ఇటూ జానెడు జరిపి చూడండి. మీరు వెతుకుతున్నది పిడి లాంటిది కాదు, అందుకే తగల్లేదు. నాలుక లాంటి చిన్న రేకు ముక్క. కొన్ని బళ్ళల్లో దాన్ని పైకి ఎత్తాలి, కొన్నిటిలో ఎడమకి నెట్టాలి, కొన్నిటిలో కుడికి. అందరికీ అర్థం కాని చోటు ఒకటుంది: ఆ నాలుక నెట్టేటప్పుడు రెండో చేత్తో బానెట్‌ని పైకి గుంజుతారు. గుంజితే కొక్కెం మీద బరువు పడి నాలుక కదలదు. మళ్ళీ అదే గడియ సూత్రం. రెండో చేత్తో బానెట్‌ని కొంచెం కిందకి నొక్కి ఉంచి, నాలుక జరిపి, అప్పుడు ఎత్తండి.

ఎత్తాక తల పెట్టకముందే కడ్డీ నిలబెట్టండి. పక్కనే క్లిప్పులో పడుకుని ఉంటుంది. దానికి బానెట్‌లో ఒక చిల్లు ఉంటుంది, అందులోనే పెట్టాలి, ఎక్కడ ఆనితే అక్కడ కాదు. రేడియేటర్ మూత జోలికి మాత్రం వెళ్ళకండి. పక్కన తెల్ల ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది, లోపల పచ్చగానో ఎర్రగానో నీళ్ళు కనిపిస్తాయి, రెండు గీతలుంటాయి. నీళ్ళు ఆ రెండిటి మధ్య ఉన్నాయో లేదో బయట నుంచే చూస్తే చాలు.

ఒకవేళ ఎప్పుడైనా బానెట్ సందుల్లోంచి పొగతో పాటు మంట కనిపిస్తే, ఇవన్నీ మర్చిపోండి. బానెట్ ఎత్తొద్దు. గాలి తగిలితే ఒక్కసారి లేస్తుంది. దిగి దూరంగా జరిగి 101కి ఫోన్ చెయ్యాలి.

డాలస్_గుంటూరు:

ఇక్కడ అమెరికాలో బానెట్ అంటే ఎవరికీ అర్థం కాదండి, హుడ్ అనాలి. ముందు నాలుగేళ్ళు ఇంగ్లండులో లీడ్స్‌లో ఉన్నాం. అక్కడ పాత ఫోర్డ్ ఫోకస్ కొన్నాను. లోపల ఎంత వెతికినా లివర్ లేదు. గంటసేపు సీట్ల కింద పాకాను. చివరికి పక్కింటి ముసలాయన వచ్చి, ముందున్న ఫోర్డ్ గుర్తుని వేలితో పక్కకి తిప్పాడు. దాని వెనకాల తాళం రంధ్రం! తాళంచెవి ఒక వైపు తిప్పి, కొంచెం ఎత్తి, రెండో వైపు తిప్పితే తెరుచుకుంది. ఆ తరం ఫోకస్‌లన్నీ అంతేనట.

కాబట్టి లివర్ ఎప్పుడూ డ్రైవరు మోకాలి దగ్గరే అనుకోకండి. యూరప్‌లో ఎడమ స్టీరింగ్‌కి డిజైన్ చేసి, మనకి కుడికి మార్చిన కొన్ని బళ్ళలో లివర్‌ని మాత్రం పాత చోటే, అంటే పక్క సీటువాళ్ళ కాళ్ళ దగ్గర వదిలేస్తారు.

కూకట్‌పల్లి తమ్ముడు చెప్పిన రెండో లాకు ఇక్కడ చట్టంలోనే ఉంది. ఫెడరల్ సేఫ్టీ స్టాండర్డు 113. ముందు నుంచి తెరుచుకునే హుడ్ డ్రైవరు చూపుకి అడ్డొచ్చే రకమైతే రెండో లాకు గానీ, ఉన్న లాకుకే రెండో పట్టు గానీ ఉండి తీరాలి. టీచర్ గారు, ఏమైందో చెప్పండి, ఇక్కడ అర్ధరాత్రయింది, తెలిస్తే పడుకుంటా.

తణుకు_లెక్కల_టీచర్:

డాలస్ గారూ పడుకోండి, తెరుచుకుంది. ఎలాగో చెప్తాను.

డిపో బాబాయ్ గారు చెప్పినట్టు లివర్ బిగువు చూశాను, బిగువుగానే ఉంది, వెనక్కీ వెళ్తోంది. అంటే మొదటి కేసు. పక్కింటి తొమ్మిదో తరగతి అబ్బాయిని కూర్చోబెట్టాను. వాడు లివర్ లాగుతాడు, నేను నొక్కేలోపు వదిలేసి "వచ్చిందా టీచర్?" అని తల బయట పెడతాడు. నాలుగు సార్లయ్యాక వాణ్ణి ట్యూషన్‌కి పంపేశాను.

ఇంక ఎవరూ లేరు. మేడ మీద పిన్నిగారు వడియాలు తీసుకుని దిగుతూ ఏమిటని అడిగారు. ఆవిడకి అరవై ఎనిమిదేళ్ళు. ఎన్నడూ డ్రైవరు సీట్లో కూర్చోలేదట. కళ్ళద్దాలు సర్దుకుని, చెప్పులు బయట విడిచి మరీ ఎక్కారు. రెండు చేతులతో లివర్ పట్టుకుని, కళ్ళు మూసుకుని ఏదో చదువుకుంటున్నారు. "వదలకండి పిన్నిగారూ" అంటే, "నువ్వు చెప్పేదాకా ప్రాణం పోయినా వదలను" అన్నారు. నేను అరచేతులు పరిచి ఒకసారి నొక్కాను, లేదు. రెండోసారీ లేదు. మూడోసారి ఒంటి బరువంతా వేసి నొక్కి చటుక్కున తీసేశాను. టప్! పిన్నిగారు హారన్ కొట్టారు. కావాలని కాదట, మోచెయ్యి తగిలిందట.

మళ్ళీ నాలుక దగ్గర ఆగిపోయాను. బాబాయ్ గారు చెప్పినట్టే వేళ్ళు పెట్టాను, ఏదో రేకు తగులుతోంది కానీ అదో కాదో తెలీదు. అప్పుడు ఫోన్‌లో టార్చి వేసి, వీడియో ఆన్ చేసి, ఫోన్‌ని అంచునుంచి సందులోకి దూర్చి ఈ చివర నుంచి ఆ చివరకి నెమ్మదిగా జరిపాను. తీసి చూస్తే స్పష్టంగా ఉంది. సరిగ్గా మధ్యలో కాదు, నాకు ఎడమ వైపు నాలుగు వేళ్ళ అవతల, చిటికెన వేలంత నల్ల రేకు. నేను మొదటి రోజు తడిమింది దాని పక్కనున్న బోల్టు. పైగా పైకి ఎత్తడానికి చూశాను, అదేమో పక్కకి జరిగే రకం. ఎడమ చేత్తో బానెట్‌ని కొంచెం అదిమి, కుడి వేలితో నాలుక నెట్టాను. వెన్నలా జరిగింది. బానెట్ ఇంత తేలికగా లేస్తుందని నేననుకోలేదు. కడ్డీ తీసి చిల్లులో పెట్టాను.

ఇక లోపల చూడాలండీ! బ్యాటరీకీ పక్కనున్న పెద్ద నల్ల డబ్బాకీ మధ్యలో ఎలక కాపరం. కొబ్బరిపీచు, వేరుశనగ తొక్కలు, నా పిల్లల స్లిప్‌టెస్టు కాగితం ముక్కలు (వెనక సీటు మీద పెట్టిన కట్టలో రెండు పేపర్లు తగ్గాయని ఇద్దరు పిల్లల చేత మళ్ళీ రాయించాను, పాపం), వీటన్నిటి కింద మెత్తగా, గుండ్రంగా చుట్టి, మా ఆయన పసుపు గుడ్డ.

కూలెంట్ డబ్బాలో అడుగున గుక్కెడు కూడా లేదు. డబ్బాకి వెళ్ళే సన్న రబ్బరు గొట్టం మీద పంటిగాట్లు, వాటి చుట్టూ ఎండిపోయిన పచ్చ మరక. ఫొటో పెడుతున్నాను. బాబాయ్ గారూ, ఇదేనా?

డిపో_బాబాయ్:

అదేనమ్మా. ఎలక దయ, చిన్న గొట్టంతో సరిపెట్టింది. అది వైరింగు జోలికెళ్ళి ఉంటే మీకు నిజంగానే నాలుగు వేలయ్యేది. మెకానిక్‌ని ఇంటికే రమ్మనండి, బండి తోలుకెళ్ళొద్దు. గొట్టం మార్చి, కూలెంట్ పోసి, గాలి బుడగలు తీయించమనండి. ఉత్త కుళాయి నీళ్ళు పోస్తానంటే ఒప్పుకోకండి. పనిలో పనిగా లాకు కడిగించి గ్రీజు పెట్టించండి, కేబుల్ రెండు కొనలకి కూడా.

మూసేటప్పుడు అదమొద్దు. కడ్డీ క్లిప్పులో పెట్టేసి, బానెట్‌ని అడుగు ఎత్తు దాకా దించి వదిలెయ్యండి. దాని బరువుకి అదే పడుతుంది. తర్వాత కూకట్‌పల్లి కుర్రాడు చెప్పినట్టు అంచు పట్టి లాగి చూడండి. లేస్తే మళ్ళీ ఎత్తి వదలాలి తప్ప చేతులతో నొక్కకూడదు.

ఎలకలకి మా డిపోలో పొగాకు కాడలు గుడ్డలో మూట కట్టి వేలాడదీసేవాళ్ళం. వాసన ఉన్నన్నాళ్ళు తక్కువ వచ్చేవి, నెలకోసారి మార్చేవాళ్ళం. ఇంజను తగిలే చోట కట్టకండి, కాలుతుంది. అసలు మందు ఏంటంటే వారానికోసారి బానెట్ ఎత్తడం. తరచూ కదిలించే చోట ఎలక కాపరం పెట్టడం తక్కువ.

కూకట్‌పల్లి_కుర్రోడు:

పిన్నిగారికి లైసెన్సు ఇప్పించండి.

తణుకు_లెక్కల_టీచర్:

వేరే మెకానిక్ ఇంటికొచ్చాడు. గొట్టం, కూలెంట్, గ్రీజు, కూలీ అన్నీ కలిపి 850 తీసుకున్నాడు. గ్రిల్ ముట్టుకోలేదు. సోమవారం స్కూలుకి వెళ్ళొచ్చాను, ముల్లు సగానికి కిందే నిలబడింది. పొగాకు మూట కూడా కట్టాను, బ్యాటరీ పక్కన కాకుండా అద్దం వైపు అంచున.

పిన్నిగారు ఈ ఆదివారం కూడా తీస్తావా అని అడిగారు, తీస్తానన్నాను. స్లిప్‌టెస్టు పిల్లలిద్దరికీ సారీ చెప్పి చాక్లెట్లు ఇచ్చాను. ఎలక తినేసిందంటే నమ్మలేదు, ఫోన్‌లో ఫొటో చూపించాను. ఇప్పుడు స్కూలంతా తెలిసిపోయింది.

మా ఆయనకి గొట్టం సంగతి చెప్పాను. పసుపు గుడ్డ సంగతి ఇంకా చెప్పలేదు. ఉతికి, మడతపెట్టి, బీరువాలో దాచాను. రానీండి.